పెద్దమ్మ రాయించిన ఉత్తరం

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ళకే, మా చర్చి ఆడపిల్లల హాకీ జట్టుకి నేను కెప్టెన్ని. ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే నోటికి వస్తుంది. వచ్చిన మరుక్షణం ఎందుకన్నానా అనిపిస్తుంది.

సికింద్రాబాద్‌లో మా చర్చి వెనక ఎర్రమట్టి గ్రౌండ్ ఉండేది. చర్చివాళ్ళే ఒక క్రీడా సంఘం పెట్టి, బూట్లు కొనుక్కోలేని పిల్లలకి బూట్లూ హాకీ స్టిక్కులూ ఇచ్చి, సాయంత్రాలు ఆట నేర్పించేవారు. మొదలుపెట్టే ముందు ఒక పాట, అయిపోయాక ఒక ప్రార్థన. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఆ సంఘం కమిటీలో సభ్యుడు కూడా.

మా కోచ్‌ని అందరం అన్నయ్య అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుంటాయేమో. మంచి గొంతు. ఆయన ప్రార్థన చేస్తుంటే మా అమ్మలందరూ కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. ఆయన వచ్చిన తరవాతే మేం గెలవడం మొదలుపెట్టాం. మేం తెచ్చిన కప్పులు పాస్టరుగారి గదిలో బీరువా మీద వరసగా ఉండేవి.

ఆయన కొట్టేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, తెలియనట్టే ఉండేవారు. మొదట్లో ఈల తాడుతో కొట్టేవాడు, తరవాత స్టిక్కుతో. ఆలస్యంగా వచ్చినా, బంతి వదిలేసినా, వరసలో నిలబడి నవ్వినా పిక్కల మీద పడేవి. కొట్టేటప్పుడు కెప్టెన్ గట్టిగా లెక్కపెట్టాలి. నా గొంతు వణికితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అందుకని వణక్కుండా లెక్కపెట్టడం నేర్చుకున్నాను. అంతా అయ్యాక దెబ్బలు తిన్న పిల్ల తల మీద చెయ్యిపెట్టి, నీ మీద ప్రేమ ఉంది కాబట్టే అని ప్రార్థన చేసేవాడు. మేమంతా ఆమెన్ అనేవాళ్ళం. నన్ను మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. నేను బాగా ఆడతాను కాబట్టి అనుకునేదాన్ని. మా నాన్న కమిటీలో ఉన్నాడు కాబట్టి అని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నా పక్కన ఆడే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళమ్మ మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేది. ఆ పిల్ల పరిగెడితే మాలో ఎవరికీ అందేది కాదు. నా ఈడుదే, నాకు మంచి స్నేహితురాలు. ఆ రోజు వాళ్ళమ్మకి జ్వరం వచ్చి, కూరల దగ్గర తను కూర్చోవలసి వచ్చి, అరగంట ఆలస్యంగా వచ్చింది. ఫైనల్‌కి ఇంకా మూడు రోజులే ఉంది.

"ఆరు," అన్నాడు అన్నయ్య.

నేను ఒకటి అన్నాను. రెండు అన్నాను. మూడో దెబ్బ మోకాలి వెనక తగిలి ఆ పిల్ల కింద కూలబడింది. లెమ్మన్నాడు. లేవలేకపోయింది. జడ పట్టుకుని లేపి, చెవి మీద అరచేత్తో కొట్టాడు. ఆ చప్పుడు గోడకి తగిలి మళ్ళీ వినపడింది. తరవాత స్టిక్కు ఎత్తి నావైపు చూశాడు. నేను నాలుగు అన్నాను. అది వీపు మీద పడింది. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి కారుతోంది. నేను ఐదు అన్నాను.

ఐదోది పడింది మా పెద్దమ్మ చేతి మీద.

మా పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. గుంటూరు వైపు బడిలో టీచరుగా చేసి, పెదనాన్న పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వారానికి రెండుసార్లు ఆట అయిపోయే వేళకి ఉడకబెట్టిన శనగలు తెచ్చి మా అందరికీ పెట్టేది. ఆ రోజు మబ్బు పట్టిందని ముందే బయలుదేరింది. ఎప్పుడు గేటు దాటిందో, ఎప్పుడు పరిగెత్తిందో నేను చూడలేదు. ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టడం, ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు రావడం మాత్రం చూశాను. గిన్నె బోర్లాపడి శనగలన్నీ మట్టిలో దొర్లాయి.

ఆమె అరవలేదు. రెండో చేత్తో ఆ పిల్లని తన వెనక్కి లాక్కుంది.

"ఇంకొకటి మిగిలిందిగా బాబూ. కొట్టు," అంది.

ఆయన స్టిక్కు పారేసి, అయ్యో అమ్మగారూ, చూసుకోలేదండీ అని కాళ్ళ మీద పడబోయాడు. పెద్దమ్మ ఆయన్ని దాటుకుని మా అందరినీ గేటు బయటికి నడిపించింది. రిక్షా పిలిచి ఆ పిల్లనీ నన్నూ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఆ పిల్ల చెవికి కొంగు అదిమి పట్టుకుంది.

కాసేపటికి అన్నయ్య మా నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దమ్మకి కట్టు కడుతున్నంతసేపట్లో ఇద్దరూ, ఆ పిల్ల ఆడుతూ పడిపోయిందని డాక్టరుకి చెప్పేశారు. కబురు తెలిసి వాళ్ళమ్మ జ్వరంతోనే వచ్చింది. నన్ను చూసి, ఏం బిడ్డా, పడ్డదా అని అడిగింది. నాన్న నావైపు చూస్తున్నాడు. నేను తల ఊపాను.

ఆమె కోచ్ వైపు తిరిగింది. "పడితే చెవుల నుంచి నెత్తురెందుకొస్తది సార్? పిక్కల మీద గీ వాతలేంది? జెర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

నాన్న ఆమెని అటుపక్క కూర్చోమన్నాడు.

పెద్దమ్మ చేతికి సిమెంటుకట్టుతో బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది. ఆమె అడగకుండానే ఏడుస్తూ చెప్పాను, లెక్కపెట్టింది నేనేనని. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. లేకపోతే నీ తప్పేం లేదమ్మా అని దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"అయితే నీకు తెలుసు కదా ఎన్నో," అంది. "రేపు పెద్దల ముందు అది చెప్పు. నేను పక్కనే ఉంటాను."

మర్నాడు పాస్టరుగారి గదిలో కమిటీ కూర్చుంది. అన్నయ్య మోకాళ్ళ మీద ఉండి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధమని నేను ఇప్పటికీ అనుకోను. పెద్దమ్మ, క్షమించానని చెప్పింది. ఎడమచెయ్యి ఆయన తల మీద పెట్టి ప్రార్థన కూడా చేసింది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒక పెద్దాయన, ఇంకేం, రేపట్నుంచి ప్రాక్టీసు పెట్టుకోవచ్చన్నాడు.

"లేదండీ," అంది పెద్దమ్మ. "నేను క్షమించింది నా చేతి సంగతి. ఆ పిల్ల చెవి సంగతి క్షమించడానికి నేనెవర్ని? క్షమించినా సరే, ఈయన చేతికి మళ్ళీ పిల్లల్ని ఇవ్వడానికి వీల్లేదు."

ఒక్క దెబ్బకే ఇంత రాద్ధాంతమా అన్నారెవరో. పెద్దమ్మ నన్ను ముందుకు నిలబెట్టింది. నాన్న కిటికీ వైపు తిరిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నిన్న నాలుగు, ఐదోది పెద్దమ్మకి. మొన్న గోల్‌కీపర్‌కి ఆరు. ఈ ఏడాది మొదట్లో మా జట్టులో అందరికన్నా చిన్నపిల్లకి మూడు, నా గొంతు వణికినందుకు మళ్ళీ మూడు. ఏ రోజు ఎవరికి ఎన్నో నాకు ఒక్కటీ మరుపు రాలేదు. చెబుతుంటే నా గొంతు వణికింది. ఈసారి నన్నెవరూ ఆపలేదు.

ఆయన్ని తీసేశారు. ఫైనల్ మేం ఆడనే లేదు. జట్టులో సగంమంది పిల్లలు నాతో మాట్లాడ్డం మానేశారు. నాన్న రెండు నెలలు పెద్దమ్మతో మాట్లాడలేదు. ఆ పిల్ల చెవికి వినికిడి తిరిగి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ గ్రౌండ్‌లోకి రాలేదు. పెద్దమ్మ ప్రతి శనివారం నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేది. ఒకసారి ఆ పిల్ల నన్నే చూస్తూ, నువ్వు గట్టిగ లెక్కపెడుతుంటివి అంది, అంతే. కోపంగా కూడా అనలేదు. నేను క్షమించమని అడిగితే తలుపు వేసుకుంది. పై శనివారం మళ్ళీ వెళ్ళాం. తలుపు తీసింది కానీ ఆ సంగతి ఎత్తలేదు. అవునని గానీ కాదని గానీ ఈనాటికీ చెప్పలేదు.

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం. ఆ ఏడాది చివర్లో తెలిసింది, కోస్తాలో ఒక ఊళ్ళో ఇలాంటి సంఘంలోనే ఆయన చేరాడని. చేరేటప్పుడు మా చర్చివాళ్ళే మంచి నడవడిక గలవాడని కాగితం రాసిచ్చారట. పెద్దమ్మ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, కలం పట్టలేకపోయేది. నన్ను కూర్చోబెట్టి, ఆ ఊరి పాస్టరుగారికి ఉత్తరం రాయించింది. కోపపు మాట ఒక్కటి కూడా రాయించలేదు. ఏం జరిగిందో అది, వరసగా.

నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఒక మనిషిని బతకనివ్వవా వదినా?" అన్నాడు.

"బతకనివ్వండి మరిదిగారూ. పిల్లలు లేనిచోట బతకనివ్వండి," అంది పెద్దమ్మ. నావైపు తిరిగి, చిరునామా సరిగ్గా రాశావా అని అడిగింది.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఆయన్ని అక్కడ ఉంచారో తీసేశారో నాకు తెలియదు. తెలియకపోవడం నాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు నాకు అరవై మూడేళ్ళు. సికింద్రాబాద్ దగ్గరే యాప్రాల్‌లో మా సంఘంవాళ్ళు నడిపే ఆటల కేంద్రంలో, పనికి వచ్చేవాళ్ళ సంగతి విచారించే బాధ్యత నాది. అక్కడ పిల్లలు ఆడతారు. మానసిక ఎదుగుదల తక్కువై, తమకి ఏమైందో తాము చెప్పుకోలేని పెద్దవాళ్ళు కూడా కొందరు ఆడతారు. కోచ్‌గా ఎవరైనా వస్తామంటే, ఇంతకుముందు చేసినచోటికి నేనే ఫోన్ చేస్తాను. నాది చాదస్తమని కుర్రవాళ్ళు నవ్వుకుంటారు.

పోయిన నెల ఒకతని గురించి అలాగే చేశాను. అవతల పెద్దమనిషి, చాలా భక్తిపరుడండీ, పాటలు బాగా పాడతాడు, పిల్లలు ప్రాణం పెడతారు అన్నాడు. సంతోషమండీ, మరి మీ దగ్గరనుంచి ఎందుకు వెళ్ళిపోయాడు అని అడిగాను.

ఆయన గొంతు సవరించుకుని, ఉంటానండీ, తరవాత మాట్లాడదాం అన్నాడు.

"పరవాలేదండీ," అన్నాను. "ఆలోచించుకునే చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."