అవ్వ చివరగా చెప్పే పేరు

నిన్న హోసూరులో ధ్యానం తరగతికి వెళ్లాను. ఎక్కడి నుంచో కర్పూరం వాసన. "ప్రార్థన అంటే అడగడం, ధ్యానం అంటే ఊరుకోవడం" అంటున్నారు గురువుగారు. నేను మాత్రం ఆ వాసనకి తొంభైల నాటి మత్తూరులో, మా అంగడిలో ఉన్నాను.

అందరి పేర్లూ చెప్పి దేవుణ్ణి అడిగే అవ్వలు మీ ఇళ్లలోనూ ఉండేవాళ్లు కదా? మా అవ్వ పొద్దున్నే అంగడిలో కర్పూరం వెలిగించి మా పేర్లన్నీ చెప్పేది, చివరగా తాత పేరు. తాత మాత్రం రాగుల మూట మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

"నోరు తెరిచి అడగకుంటే దేవునికి ఎట్ల తెలుస్తాది?" అని కసిరేది అవ్వ.

"నువ్వు అడిగినావు కదమ్మే, చాలు" అనేవాడు తాత.

అవ్వ పోయాక కర్పూరం తాతే వెలిగించాడు. మా పేర్లన్నీ గట్టిగా చెప్పాడు. చివరగా అవ్వ తాత పేరు చెప్పే చోటికి వచ్చి ఆగిపోయాడు. కర్పూరం ఆరిపోయేదాకా అట్లే నిలబడ్డాడు.