జున్ను కొరికిన మట్ట

మా వదిన రత్నమాణిక్యానికి వద్దన్న పని చేయడమే సరదా అని మా వీధిలో చెప్పుకుంటారు. అది అబద్ధం. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దంటున్నారో చెప్పలేకపోతేనే ఆవిడ చేస్తుంది. అలా చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. అందుకని ఆవిడ చేసే పనులు ఎక్కువయ్యాయి, అంతే.

ఆవిడ మా ఆయనకు అక్క. కడియం నర్సరీల మధ్యనున్న మా ఊళ్ళో, చర్చికి ఎదురుగా మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. లారీ డ్రైవరుగా చేసిన సాల్మన్ అన్నయ్య పోయాక, నెల తిరక్కుండానే చిలకపచ్చ చీర కట్టుకుని ఆరాధనకు వచ్చింది. మాలో భర్త పోయినవాళ్ళు తెల్లచీరే కట్టాలంటారు. సంఘపెద్ద ఉదయ్‌భాస్కర్ గారు గేటు దగ్గరే ఆపి ఇదేం పద్ధతని అడిగారు.

"ఇది ఆయన కొన్న చీరండి. ఆయన పోయాడని ఆయనిచ్చింది కూడా పారేయమంటారా?" అని, లోపలికి వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఆ రోజు ప్రసంగం ఏమిటో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆ చీర మాత్రం ఊరంతటికీ గుర్తుంది.

జున్ను ఆ రోజుల్లోనే వచ్చి చేరింది. తెల్లటి పిల్లి, ఒక చెవి కొస తెగి ఉంటుంది. మిషను కింద గుడ్డముక్కల్లో పడుకుని, పెడలు చప్పుడుకి నిద్రపోయేది. వదిన దాన్ని రాజమండ్రి తీసుకెళ్ళి టీకా వేయించినప్పుడు వీధి వీధంతా నవ్వింది. ఆవిడ మాత్రం ఆ డాక్టరమ్మ నంబరు ఫోన్లో భద్రంగా దాచుకుంది. ఇంటికి వెళ్తే తనకోసం ఎదురుచూసే ప్రాణం అదొక్కటేనని నాతో ఒకసారి అంది. తరవాత ఆ మాట అన్నందుకు నామీదే విసుక్కుంది.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి, మా చర్చి ఊరేగింపులో ఎప్పుడూ ఈత మట్టలే పట్టుకునేవాళ్ళం. అవి గుచ్చుకుంటాయి, పైగా గట్ల మీద ఈతచెట్లు కనబడడమే మానేశాయి. ఈ ఏడు ఉదయ్‌భాస్కర్ గారు తన నర్సరీలోంచి సైకస్ అనే అలంకారమొక్క ఆకులు కోయించి తెచ్చారు. నిగనిగలాడుతూ, వాడిపోకుండా, బుల్లి కొబ్బరిమట్టల్లా ఉన్నాయి. అందరికీ తెగ నచ్చేశాయి. శనివారం సాయంత్రమే ఇళ్ళకు తీసుకుపోయి, ఆకుముక్కలు అడ్డంగా కట్టి, సిలువలు చేసి గుమ్మాలకు తగిలించాం. ఒకసారి తగిలించిన మట్టల సిలువను మళ్ళీ మట్టల ఆదివారం దాకా ఎవరూ తీయరు. తీస్తే ఇంటికి మంచిది కాదని మా అత్తగారి కాలం నుంచీ భయం. పిల్లలు పట్టుకునే మట్టలకు రిబ్బన్లు కడతానని వదిన ఒక మోపు తెచ్చి మిషను పక్కన పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, "తబితా, మూతున్న బుట్టుంటే ఇవ్వు" అంది. ఆ గొంతు విని నేనేమీ అడగలేదు. వెళ్ళి చూస్తే జున్ను చొంగ కారుస్తూ మూలన ముడుచుకుని ఉంది. నేలంతా కక్కింది. మోపులో మట్టల చివర్లు కొరికి ఉన్నాయి.

అప్పటికే పక్కింటి సూరమ్మ సబ్బునీళ్ళ గ్లాసుతో తయారైంది. మా వైపు ఎవరైనా పురుగుమందు తాగితే ముందుగా చేసేది అదే. నోరు తెరిచి పోసెయ్యి, అంతా కక్కేస్తుంది అంది. ఇంకొకావిడ పాలు పట్టమంది. వదిన గ్లాసు అందుకుని నీళ్ళు పెరట్లో పారబోసింది. టీకా వేసిన డాక్టరు సాయిసుధ గారికి ఫోను చేసి ఆకు పేరు చెప్తే, అది విషమన్నారట, ఏమీ పట్టవద్దన్నారట, పాలు కూడా. బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. కొరికిన ఆకునూ, కక్కినదాంట్లో కాస్తా కవర్లో వేసుకుని ఒక్క నిమిషం కూడా ఆగకుండా రమ్మన్నారు. సూరమ్మ మూతి తిప్పుకుంది. తిప్పుకోనీ.

ఇద్దరం ఆటో ఎక్కాం. చర్చి మలుపులో ఊరేగింపు ఎదురైంది. రోడ్డు నిండా జనం, చేతుల నిండా సైకస్ ఆకులు, హోసన్నా అని పాటలు. ఉదయ్‌భాస్కర్ గారు ఆటోలోకి తొంగిచూసి, ఆరాధన మానేసి పిల్లిని పట్టుకుని ఎక్కడికని అడిగారు.

"ఇది విషపు ఆకంటండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. ముందు మాకు దారివ్వండి."

"ఏళ్ళ తరబడి అమ్ముతున్నానమ్మా. ఒక్కళ్ళన్నా వచ్చి చెప్పలేదే?"

"తిన్న పిల్లులొచ్చి మీకెలా చెప్తాయండి?" అని వదిన డ్రైవరు భుజం తట్టింది.

రాజమండ్రిలో డాక్టరు గారు ఆకు చూడగానే సైకసేనన్నారు. మొక్క మొత్తం విషమేననీ, గింజలు మరీ ప్రమాదమనీ, కుక్కలకూ పిల్లులకూ లివరు పాడవుతుందనీ చెప్పారు. విషాన్ని పీల్చుకునే బొగ్గుమందు పట్టించి, కాలికి సెలైన్ ఎక్కించారు. వెంటనే తెచ్చారు గనక ఆశ ఉందన్నారు గానీ, బతుకుతుందని మాటివ్వలేదు. ఐదారు రోజులు అక్కడే ఉంచమన్నారు. తిరిగి వస్తుంటే ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని వదిన ఏడ్చింది. ఆవిడ ఏడుపు అన్నయ్య పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను.

ఊరు రాగానే కళ్ళు తుడుచుకుని, నేరుగా మిషను ముందు కూర్చుంది. మర్నాడు సంచి తగిలించుకుని వీధిలోకి దిగింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, విషయం చెప్పి, ఆకు సిలువ దించి, తను కుట్టిన గుడ్డ సిలువ చేతిలో పెట్టింది. దేవుడి మట్ట మీద చెయ్యేస్తావా అని తిట్టినవాళ్ళున్నారు, తలుపేసుకున్నవాళ్ళున్నారు. తలుపేసుకుంటే బయట నిలబడింది, తీసేదాకా. పిల్లి కోసం దేవుణ్ణి దించేస్తోందని ఎవరో అంటే, "దేవుడు ఆకులో ఉన్నాడని నీకెవరు చెప్పారు?" అని ముందుకు నడిచింది. వెనకాల సంచి పట్టుకుని నడుస్తున్న నాకు భయమూ వేసింది, గర్వంగానూ ఉంది.

ఇంకా ఒక్క ఇల్లుందనగా సంచిలో సిలువలూ, ఇంట్లో గుడ్డముక్కలూ అయిపోయాయి. వదిన ఇంటికెళ్ళి బీరువాలోంచి చిలకపచ్చ చీర తీసింది. వద్దు వదినా అని చెయ్యి పట్టుకున్నాను. ఎందుకొద్దో చెప్పమంది. చెప్పలేకపోయాను. చెంగు కత్తిరించి కుట్టేసింది.

ఆ ఇల్లు ఉదయ్‌భాస్కర్ గారిది. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇంతకీ పిల్లి బతికిందా?"

"ఇంకా తెలియదండి."

"తెలియకుండానే ఊరంతా ఈ గొడవేంటమ్మా?"

"అది బతికితే ఆకు మంచిదైపోద్దాండి?"

లోపల ఆయన మనవరాలు నేలమీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఆయన వెనక్కి తిరిగి చూశారు. తరవాత స్టూలు తెచ్చుకుని తనే ఆకు సిలువ దించి వదినకిచ్చారు. ఆవిడ చేతిలోని చిలకపచ్చ గుడ్డను గుర్తుపట్టారు, ఆ సంగతి ఆయన ముఖంలోనే తెలిసింది. అయినా తీసుకుని మేకుకి తగిలించారు.

శుభ శుక్రవారం ఆరాధన అయి బయటికి వస్తుంటే వదిన ఫోను మోగింది. జున్ను చేపముక్క తిందని డాక్టరు గారు చెప్పారు.

ఈస్టరు రోజు వదిన చర్చికి బయల్దేరింది. ముందురోజే ఇంటికి తెచ్చుకున్న జున్నుకు మందులు వేళకు వేయాలని, దాన్నీ బుట్టలో పెట్టుకుంది. చెంగు కురచైపోయిన అదే చిలకపచ్చ చీర కట్టుకుంది. ఉదయ్‌భాస్కర్ గారు గేటు దగ్గరే ఉన్నారు. చీర చూశారు, బుట్ట చూశారు. వందనాలమ్మా అని, గేటు రెండో రెక్క కూడా తీసి పట్టుకున్నారు.