పిక్క చెట్టుది, పప్పు మా ఆవిడది

మా ఇంట్లో ఆదాయపు పన్ను రిటర్ను నేనే నింపుతాను. బడి నాకు మూడో తరగతితో ముగిసింది. పప్పు డబ్బాల అడుగున పరిచే పాత పేపర్లు చదివి తెలుగు, సరుకు బిల్లులు చదివి కాస్త ఇంగ్లీషు పట్టుకున్నవాణ్ణి. నింపడానికి ఒకడికి డబ్బులెందుకివ్వాలని నా పట్టుదల.

రిటర్ను మా ఆవిడ పేరు మీద ఉంటుంది. కంచిలి దగ్గర జీడితోట వాళ్ళమ్మ ఇచ్చింది. పెరట్లో జీడిపప్పు యూనిట్టు ఆవిడే పెట్టుకుంది. ఊళ్ళో రైతుల దగ్గర జీడిపిక్కలు కొంటుంది, మా తోట పిక్కలూ కలుపుతుంది. వాటిని ఉడికించి, పెంకు కొట్టించి, లోపలిది ఎండబెట్టి, పొర ఒలిపిస్తే అప్పుడది పప్పు.

ఆ ఏడాది బయట కొన్న పిక్కల మీద వచ్చిన లాభాన్ని వ్యాపారంగా చూపించి, జులైలోనే పన్ను కట్టేశాను. మా తోట పప్పు అమ్మిన డబ్బు మాత్రం మొత్తం వ్యవసాయం కింద రాశాను. వ్యవసాయానికి పన్ను లేదు. మా చెట్టు, మా పెరడు, మా చేతులు. ఇందులో వ్యాపారం ఎక్కడుందో ఇప్పటికీ ఎవరైనా నా ఎదురుగా నిలబడి చెప్పాలి!

మా ఆవిడకు డ్రయ్యరు కావాలి. వానలు పట్టాయంటే పప్పు ఎండదు. ఎండకపోతే పొర ఊడదు. పొర ఊడకపోతే ఒలిచే ఆడవాళ్ళకు కూలి లేదు. తుఫాను వారాల్లో ఆ నలుగురూ వచ్చి, గుమ్మంలో కూర్చుని, మబ్బును తిట్టి వెళ్ళిపోయేవారు. అందుకని అప్పు కోసం పలాసలో బ్యాంకుకు వెళ్ళాం. ఆఫీసరు రిటర్ను తిరగేశాడు.

"అమ్మా, మీ వ్యాపారం బాగా చిన్నదిగా కనిపిస్తోందండీ. ఈ లాభానికి అంత లోను రాదు."

ఆవిడ కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆటో ఎక్కాక మొదలుపెట్టింది.

"మన తోట పప్పేటయ్యింది బావా అందులో?"

"వ్యవసాయంలో రాసినాను. పన్ను మిగిలింది కదే!"

"సెట్టుకి పప్పు కాసిందేటి? పిక్క కాసింది. పప్పు నాను సేసినాను. ఈ సేతులు సూడు." పెంకులోని జీడి నూనెకు నల్లబడ్డ వేళ్ళు నా ముక్కు ముందు పెట్టింది. "నీ రాతలో నానెక్కడున్నాను? అంతా సెట్టే సేసీసినాది!"

ఆటో నడిపే అతను ముందుకు తిరిగి నవ్వుకున్నాడు. వాడి మీదా కోపమొచ్చింది.

ఆటోను ఆవిడ కాశీబుగ్గకే పోనిమ్మంది. అక్కడ పన్నులు చూసే అతను మాకు వరసకు అల్లుడు. సంగతి విని ఆవిడ పక్షమే చేరాడు.

"రూలూ అదే మావా. పిక్కకి బజార్లో ఏ ధరుందో అంతవరకే యవసాయం. పిక్క పప్పయ్యాక పెరిగింది యాపారం. గడువింకా ఉన్నాది, తప్పు దిద్ది రివైజ్డ్ రిటర్నేసీ."

నేనే వేస్తానన్నాను. ఇంటికొచ్చి, వదిలేసిన ఆ పెరిగిన లాభం ఒక్కటే రాసి, మర్నాడు ఆవిడతో కలిసి తీసుకెళ్ళి చూపించాను. అతను నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది పాతదానికి తోక కాదు మావా! ఇదెల్తే పాతది లెక్కలో ఉండదు. మొత్తం మళ్ళీ రాయాల."

అక్కడే అతని కంప్యూటరు ముందు కూర్చుని మొత్తం రాశాను. చివర కట్టవలసింది చూస్తే, జులైలో కట్టింది కూడా కలిపి అడుగుతోంది.

"దోపిడీ! కట్టిందే మళ్ళీ కట్టమంటాడేటి?"

"కట్టొద్దు. పాత చలానా నంబరూ తేదీ ఇందులో రాయి, అది తగ్గుతాది. మిగిలిందీ, దాని మీద వడ్డీ ఇప్పుడు కట్టు. ఆ కొత్త చలానా కూడా పాతదాని కింద రాసి, అప్పుడు పంపు."

"నా డబ్బు ఆళ్ళ దగ్గరుందని ఆళ్ళకి నేను సెప్పాలా? ఎడ్లబండి మీద టెక్కలికి పిక్కలు తోలినవాణ్ణిరా నేను. మార్కెట్టు గేటుకాడ సెస్సు ఒకసారి కట్టినానంటే మళ్ళీ అడిగినోడు లేడు!"

మా ఆవిడ పక్క కుర్చీలోంచి అంది: "రెండో గేటుకాడ సీటీ సూపించకుండానే బండొదిలీసేవోరేటి?"

చీటీ చూపించేవాణ్ణి. తలపాగాలో దోపుకొని మరీ తీసుకెళ్ళేవాణ్ణి. ఆ మాట పైకి అనకుండా పాత చలానా నంబరు కొట్టాను. అడిగిన మొత్తం తగ్గింది. వడ్డీ మాత్రం అన్యాయమని ఆ రోజే చెప్పాను, ఈ రోజూ చెబుతున్నాను.

మిగిలింది నేను కడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "యాపారం నాది. నానే కడతాను." ఫోను మీద వేలు పెడితే తెరుచుకోలేదు. ఏళ్ళ తరబడి జీడి నూనె తిన్న వేళ్ళు, గీతలేం మిగిలాయి? పిన్ను కొట్టి తెరిచి, తన ఖాతాలోంచి తానే కట్టింది. కొత్త చలానా పాతదాని కింద ఎక్కించాం. ఆవిడ ఫోనుకొచ్చిన ఓటీపీ కొట్టడంతో రిటర్ను వెళ్ళిపోయింది.

మళ్ళీ బ్యాంకుకు వెళ్తే ఆ ఆఫీసరే ఉన్నాడు.

"రిటర్ను ఎందుకు మార్చారమ్మా?"

"ముందు రాసినోడికి సెట్టుకీ పెళ్ళానికీ తేడా తెలీలేదు బాబూ."

ఆయన నా వంక చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. కాగితాలన్నీ మళ్ళీ అడిగాడు, యూనిట్టు చూసుకోవడానికి ఇంటికొచ్చాడు, చివరికి లోను ఇచ్చాడు.

డ్రయ్యరు వచ్చాక దాన్ని పెట్టడానికి పెరట్లో చోటు చాలలేదు. నేను పేపరు చదువుకునే గది ఖాళీ చేయించింది. నన్ను అడగలేదు. ఇప్పుడు నా కుర్చీ వీధి అరుగు మీద ఉంది. ఈ వానకు జల్లు కొట్టి పేపరు సగం తడిసింది. లోపల ఆ నలుగురూ ఒలుస్తున్నారు. వాళ్ళ మాటల హోరులో వాన చప్పుడే వినబడడం లేదు.

"తాతా, అక్కడ తడిసే బదులు లోపలికొచ్చి మాతో ఒలవరాదేటి? ఎచ్చగుంటాది," అని ఒకామె కేకేసింది.

"కూలి ఇత్తారేటి?" అన్నాను.

"యాపారం నాది, నన్నడగాల ఆ మాట," అంటూ మా ఆవిడ నాకో పీట జరిపింది. లోపలికి వెళ్ళాను. నిజంగానే వెచ్చగా ఉంది.