నున్నటి అంచు

తాండూరు బండల అంచులకు ముప్పై ఏండ్లుగా నునుపు పెడుతున్న జంగప్ప, నాణేల సేకరణ అనే మహాయజ్ఞం తలపెట్టి, భార్య ఎంకమ్మ వెండి కడియాలిచ్చి పాత రష్యా రూబుల్ ఒకటి తెచ్చాడు.

"అసలుదని రుజువు తే, లేకుంటే నా కడియాలు తే" అని ఆమె ఆనతిచ్చింది.

వికారాబాద్‌లో పాత నాణేలు దాచే మనోరమ టీచర్ అయస్కాంతం పెట్టి చూసింది, అంటలేదు. తూచింది, బరువు దాదాపు సరిపోయింది. చివరికి భూతద్దం తీసింది.

"అసలుదైతే అంచు చుట్టూ అక్షరాలుండాలె పెద్దాయనా. ఒక్కటి గూడ లేదేంది?"

"ఏవో గీతలుండె టీచరమ్మా. గరుకుగున్నయని బండల మిషన్ మీద నున్నగ చేసిన."

"గవి అక్షరాలా, ఉత్త గీతలా?"

"నాకెట్ల తెలుస్తది?"

"ఇగ ఎవ్వరికీ తెల్వదు."

తిరుగు రైల్లో జంగప్ప ఆ అంచును బొటనవేలితో తడుముతూనే ఉన్నాడు. ఎక్కడైనా కాస్త గరుకు తగలాలని జీవితంలో మొదటిసారి మొక్కుకున్నాడు.