జైలు ఆసుపత్రి నర్సమ్మ

జైలు ఆసుపత్రి నర్సమ్మది గట్టి గొంతు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే వరండాలో మూలుగుతున్న ఖైదీలను గదమాయిస్తుంది. హంతకుడైనా జేబుదొంగైనా ఆవిడ నోట “ఏరా నాయనా” అనే పిలుపే. కిందటి నెల నలుగురు ఖైదీలు ఆవిడను మందుల గదిలో నిర్బంధించి, తలుపుకు బీరువా అడ్డం పెట్టారు. వాళ్లలో ఒకడు అరగదీసిన చెంచాను ఆవిడ గొంతుకు ఆనించి, తమను వదలమని పగలంతా అధికారులతో బేరమాడాడు. సాయంత్రం పోలీసులు తలుపు బద్దలుకొట్టి విడిపించేసరికి ఆవిడ మెడ మీద గాటు మిగిలింది.

“ఆ కొలువు మానెయ్యక్కా. బతికుంటే బలుసాకు తినొచ్చు” అన్నాడు తమ్ముడు. “అయితే నువ్వు తిను” అని, గాటు కనబడేలా జుట్టు ముడివేసుకుని డ్యూటీకి వెళ్లింది. ఆ చెంచావాడు ఒంటరి గదిలో ఉన్నాడు. వార్డర్లు విరగ్గొట్టిన చెయ్యి వాచి నల్లబడిందట. కట్టు కట్టడానికి వెళితే గది బయటే జైలరు అడ్డొచ్చాడు.

“నీ గొంతు కొయ్యబోయినవాడికి సేవలా అమ్మా?”

“వాడు కొయ్యబోయింది నా గొంతు సార్, మీది కాదు. తాళం తియ్యండి. ఆ చెయ్యి కుళ్లిందంటే ఊరంతా వినబడేలా చెబుతాను.”

జైలరు తీశాడు. ఆవిడను చూడగానే వాడు గోడకు అతుక్కుపోయాడు.

“క్షమించమ్మా...”

“క్షమించలేదురా. చెయ్యి చాపు.”