లెక్కలోకి రాని శుక్రవారం

ఆ గురువారం ఉదయం ఎనిమిదీ నలభైకి మా ఆయన లెక్క కాగితం నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టారు. రోజూ పెట్టేవారు. హైటెక్ సిటీ ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. చందానగర్‌లో ఒక షేర్ బ్రోకరు దుకాణంలో కూర్చుని ఆప్షన్లు అమ్మడం ఆయన పని. గడువు ముగిసే గురువారం దాకా షేర్ మార్కెట్ ఇండెక్స్ తాను గీసిన హద్దులు దాటకపోతే లాభం, దాటితే నష్టం.

మార్కెట్ ఏడాదికి ఎంత శాతం ఊగుతుందనుకుంటే ఆ అంకెను పదహారుతో భాగించేవారు. అది ఒక రోజు కదలిక. ఏడాదిలో మార్కెట్ నడిచేది రెండు వందల యాభై రోజుల పైచిలుకు, దాని వర్గమూలం దాదాపు పదహారు. నాలుగు రోజులకు నాలుగింతలు కాదు, వర్గమూలం లెక్కన రెండింతలే. మూడుసార్లలో రెండుసార్లు ఇండెక్స్ అందులోనే ఉంటుంది. మూడోసారికి పూచీ లేదు కనుక హద్దు ఇంకొంచెం జరిపి గీసేవారు.

"జర చూడు. తప్పు దొరికితే సాయంత్రం మిర్చి బజ్జీలు నా ఖర్చు."

వచ్చే గురువారం గడువుకు మార్కెట్ నడిచే రోజులు ఐదున్నాయి. ఆయన నాలుగు వేశారు. పక్కన 'రేపు బంద్' అని రాసి ఉంది. తెలంగాణ కోసం బంద్ మనకు, మార్కెట్ నడిచే ముంబైకి కాదు. దుకాణం షట్టరు దించితే మార్కెట్టే లేదన్నట్టు ఆయనకు అలవాటైపోయింది.

మాట నోటిదాకా వచ్చింది. మాది గుంటూరు. వారం కిందట "మళ్లీ బందా?" అన్నందుకు, "ఏంది, మా బంద్ అంటే మీ ఆంధ్రోళ్లకు గంత మంటనా?" అన్నారు. రెండు రోజులు మాటల్లేవు.

"సరిగ్గానే ఉందండీ," అన్నాను.

శుక్రవారం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం టీవీలో అంకెలు చూశాం. ఇండెక్స్ కింది హద్దు దాటి పడుతోంది. దుకాణం మూసి ఉంది, బ్రోకరు ఫోన్ ఎత్తలేదు, అమ్మినవి తిరిగి కొని బయటపడే దారి లేకపోయింది. గోపన్‌పల్లిలో స్థలం కోసం దాచినదాంట్లో చాలా భాగం పోయింది.

"నిన్న నీకు కనవడలేదా?"

"కనబడిందండీ. బంద్ గురించి నేనంటే మీరేమనుకుంటారోనని..."

"ముంబైల బంద్ లేదని చెప్పనీకి గూడ నాకు భయపడ్డవా?"

ఆయన గొంతు పెంచలేదు. డబ్బు మాట ఎత్తలేదు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆయన పోయారు. ఒక్కదాన్నే అయ్యాక, ఆ రోజు చెప్పి ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు అనుకున్నాను. ఇంకో రెండు రోజులు మాట్లాడేవారు కారు, అంతే.

ఆ శుక్రవారం తర్వాత ఆయన నన్ను తప్పు చూడమని అడగలేదు.