నూకాలమ్మ ట్రంకు పెట్టె

2022లో నేను రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో సోషల్ కంప్లయన్స్ ఆఫీసర్‌గా ఉన్నాను. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో మాకు సరుకిచ్చే పీలింగ్ షెడ్లు కొన్ని ఉండేవి. పీలింగ్ షెడ్డు అంటే రొయ్య తల తీసి, పెంకు వలిచి, వీపు మీది నల్లటి నరం లాగి ఐసులో పెట్టే చోటు. అక్కడి నుంచి సరుకు మా ఫ్యాక్టరీకి వచ్చి, ఆపైన ఓడెక్కుతుంది. కొనే విదేశీ కంపెనీలు ఇప్పుడు రొయ్య నాణ్యత ఒక్కటే చూడవు. వలిచిన మనిషి తన ఇష్టంతోనే వలిచిందా, ఇష్టం లేకపోతే మానేసి వెళ్ళగలదా అని కూడా అడుగుతాయి. ఆ సంగతి చూసి రావడమే నా ఉద్యోగం. కాగితాల మీద దాన్ని ఆధునిక బానిసత్వ నివారణ అంటారు.

ఈ మాట చెబితే రాజాంలో మా పెద్దమ్మ పడీపడీ నవ్వేది. "బానిసలేటే! ఈ రోజుల్లో ఎవుర్ని గొలుసులేసి కట్టీసినారు?" అనేది. గొలుసులే ఉంటే నా పని ఎంత హాయిగా ఉండేదో ఆవిడకు తెలియదు. చూడగానే రాసుకుని, భోజనం వేళకు ఇంటికొచ్చేసేదాన్ని.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నూకాలమ్మ షెడ్డుకు ఆడిట్‌కి వెళ్ళాను. ఆడిట్ అంటే పని జరిగే తీరును దగ్గరుండి పరిశీలించడం. నూకాలమ్మది తరతరాలుగా సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. ఉన్న పడవ అమ్మేశాక తనే ఈ షెడ్డు పెట్టింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది ఒడిశా సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి వచ్చి, షెడ్డు వెనక గదుల్లో ఉంటారు. వాళ్ళకు ఆమే వండించి పెడుతుంది. ఎవరికైనా జ్వరం వస్తే ఆటోలో తనే ఆసుపత్రికి తీసుకెళ్తుంది. షెడ్డు శుభ్రంగా ఉంది. చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు ఉన్నాయి. కూలి వేళకు అందుతోంది. నాకు ప్రాణం కుదుటపడింది.

తరవాత వర్కర్ ఇంటర్వ్యూ. యజమాని వినపడని చోట కూర్చుని, పనివాళ్ళలో ఒక్కొక్కరితో మాట్లాడటం అన్నమాట. పెరట్లో కొబ్బరిచెట్టు కింద బల్ల వేసుకున్నాను. వచ్చిన ప్రతి మనిషీ ఒకే మాట చెప్పింది. "అంతా బాగుంది మేడమ్." మా వృత్తిలో ఇలా అందరూ ఒకే గొంతుతో బాగుందన్నారంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎంత మంచి చోటైనా ఎవరో ఒకరు పప్పులో ఉప్పు తక్కువైందనైనా అనాలి కదా!

సుకాంతి అనే అమ్మాయి వచ్చినప్పుడు ప్రశ్న మార్చాను.

"రేపు పొద్దున్నే ఇంటికి వెళ్ళాలనుకో, ఏం చేస్తావు?"

 ఆమె గ్లవ్స్‌లో చెమటకు నాని తెల్లబడిన వేళ్ళు చూసుకుంది. 

"మా బొవుకి కంటి ఆపరేషనున్నాది మేడమ్," అంది చివరికి. బొవు అంటే ఒడియాలో అమ్మ. "ఈ వారమే క్యాంపు. సెయ్యి ఒట్టుకొని తీసుకెల్లడానికి నాను తప్ప ఎవుల్లేరు. ఇది తప్పిపోతే మల్లా ఎప్పుడెడతారో తెల్దు."

"మరి వెళ్ళచ్చుగా?"

"ఆధార్ కార్డు నూకాలమ్మ కాడుంది. అడిగినాను. లోడు పోనాక ఇస్తాను, ఎల్దువుగాని అన్నాది. కార్డు ఒగ్గీసి ఎలాగెల్తాను? మల్లా ఇస్తాదో ఇవ్వదో."

 పనివాళ్ళ గుర్తింపు కార్డులు యజమాని దగ్గర ఉండటం మా పరిభాషలో రెడ్ ఫ్లాగ్. అంటే అసలు ఆగకుండా దాటకూడని ఎర్రజెండా. ఫోన్‌లో మా మేనేజర్‌కు చెబితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ షెడ్డు ఆపేయండి, రిస్కు మనకెందుకు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆపేస్తే కంపెనీ చేతులు శుభ్రంగానే ఉంటాయి. కానీ సాయంత్రానికి ఈ ఆడవాళ్ళందరూ రోడ్డు మీద ఉంటారు. అక్కడి నుంచి ఎలాంటివాడి షెడ్డుకు చేరతారో ఎవరికి తెలుసు? "ముందు సరిదిద్దనివ్వండి. కాకపోతే అప్పుడు ఆపుదాం," అన్నాను. దీన్ని రెమిడియేషన్ అంటారు. పారిపోకుండా నిలబడి తప్పును బాగుచేయడం. ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నారు.

సుకాంతి పేరు ఎత్తకుండా, కార్డులన్నీ ఎక్కడున్నాయని నూకాలమ్మను అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. నడుముకున్న తాళంచెవి తీసి, మంచం కింది నుంచి ట్రంకు పెట్టె లాగి, గర్వంగా మూత ఎత్తింది. ఒక్కో కార్డూ ప్లాస్టిక్ కవరులో, అవన్నీ కలిపి పసుపు గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"సూడు, ఒక్క సుక్క తడి తగిలిందేటి? మా అత్త ఇలాగే సూసేది. పడవ మీద ఏటకెల్లీవోల్లు ఉంగరాలు, వాచీలు, కార్డులు అన్నీ ఆవిడ కాడెట్టీసి ఎల్లీవోరు. అది మా ఒడ్డున ఆనవాయితీ. నాను దొంగననుకున్నావేటి?"

అప్పుడు నాకు విషయం అర్థమైంది. పడవ ఇంటి అలవాటును ఆమె యథాతథంగా రొయ్యల షెడ్డుకు తెచ్చేసింది. ఇది కూడా నీళ్ళలో పనే కదా అనుకుంది. ఆమె ప్రేమ నిజం. ఆ తాళం కూడా నిజమే. నాకు కష్టమంతా అక్కడే ఉంది. దుర్మార్గులతో పోట్లాడటం ఇంతకంటే సులువు.

"పడవ తిరిగొచ్చాక మీ అత్తగారు ఎవరి వస్తువైనా ఆపేవారా?"

"ఓలమ్మ! ఆపడమేటి? పడవ ఒడ్డెక్కీసరికి పెట్టె ఇప్పీసి గుమ్మంలో కూకునీది. నోరు తెరిసి అడిగించుకునీది కాదు."

"మరి వీళ్ళందరూ ఒడ్డు మీదే ఉన్నారు కదమ్మా?"

ఆమె పెట్టెలోని కార్డుల మీద చెయ్యి వేసింది.  తరవాత తనంతట తానే అంది.

"సుకాంతి అడిగినాది. లోడు పోనాకే అన్నాను. కార్డు ఇచ్చీత్తే ఎల్లిపోతాదని భయమేసినాది. మీవోల్లు రేపటికల్లా లోడు కావాలి, ఎల్లుండికల్లా లోడు కావాలి అని ఫోన్లు. ఈ ముసిల్ది మాత్రం ఏటి సేస్తాది?"

ఆ మాటలో అబద్ధం లేదు. తాళంచెవి ఆమె నడుముకే ఉన్నా, ఆ భయం మాత్రం మా పర్చేజ్ డిపార్ట్‌మెంట్ నుంచే వస్తోంది. ఇది నా రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాను. మేనేజర్‌కు నచ్చలేదు. కానీ ఆ తరవాత నుంచి లోడు అడిగేటప్పుడు ముందుగా చెప్పడం, పనివాళ్ళు తగ్గితే గడువు పెంచడం మొదలైంది.

ఆ మధ్యాహ్నమే నూకాలమ్మ పసుపు గుడ్డ విప్పి, ఎవరి కార్డు వాళ్ళ చేతికిచ్చింది. వారం తిరక్కుండా గదుల్లో ఒక్కొక్కరికీ సొంత తాళంతో చిన్న అల్మారా వచ్చింది. ఇంటికి వెళ్ళాలంటే చెబితే చాలు, అనుమతి అడగక్కర్లేదని ఒడియాలోనూ తెలుగులోనూ అందరికీ చెప్పాం. సుకాంతికి కార్డుతో పాటు నూకాలమ్మ ఒక ఎండుచేపల పొట్లం ఇచ్చి, "మీ అమ్మకి కన్నొచ్చాక ఇవి వండి పెట్టే" అంది. క్యాంపును వేళకే అందుకుంది ఆ పిల్ల.

కొన్ని నెలల తరవాత చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను. గేటు దగ్గరే నూకాలమ్మ ఎదురై, నేను నోరు తెరిచేలోపు లోపలికి కేకేసింది.

"ఒసే, రేపు ఇల్లెల్లాలంటే ఏటి సేస్తారే?"

"సెప్పీసి ఎల్లిపోతాం!" అని అందరూ ఒక్కసారిగా అరిచి నవ్వారు.

నవ్వొచ్చినా నమ్మకం కుదర్లేదు. ముందే అన్నాను కదా, ఒకే గొంతు వింటే నాకు అనుమానం. వరసలో ఒక పీట ఖాళీగా కనిపించింది. మొదటిసారి వచ్చినప్పుడు సుకాంతి కూర్చున్న పీటే అది. ఆపరేషనయ్యాక తను మళ్ళీ పనికి వచ్చిందని నూకాలమ్మ ఫోన్‌లో చెప్పింది.

"సుకాంతి ఏది?"

నూకాలమ్మ ముఖం చిట్లించింది. "ఏటి సెప్పమంటావు? మా బొవు నన్ను కల్లారా సూత్తానంటంది అన్నాది. పొద్దున్నే బస్సెక్కీసి ఎల్లిపోనాది. రేపు లోడెట్టుకొని!"

ఆమె ఇంకా సణుగుతూనే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నో సంతకాలు, సర్టిఫికెట్లు చూశాను గానీ, అంత తృప్తి ఏదీ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఏ షెడ్డుకు వెళ్ళినా ముందు చూసేది పనిచేసేవాళ్ళను కాదు. మధ్యలో వెళ్ళిపోయిన వాళ్ళ పీట ఎక్కడైనా ఖాళీగా ఉందా అని వెతుకుతాను.